తేయాకు మందిరంలో అక్క అత్తగారు

పోయిన నెల నడుంనొప్పి భరించలేక పరుపు కొనడానికి వెళ్ళాను. పరుపుల షాపుల్లో ఒక అవమానకరమైన ఆచారం ఉంది. కొనబోయేవాళ్ళు చెప్పులు విప్పి, ముక్కూమొహం తెలియని జనం ఎదుట వెల్లకిలా పడుకోవాలి. అమ్మే ఆయన పక్కనే నిలబడి "ఇప్పుడెలా ఉంది మేడమ్?" అని ఆస్పత్రిలో అడిగినట్టు అడుగుతుంటాడు. అలా పడుకుని, ఎటు చూడాలో తెలియక పైకప్పు చూస్తే, తెల్లరంగు కింద నుంచి ఎర్రగా, మెలికలు తిరిగిన తోక ఒకటి కనిపించింది. డ్రాగన్ తోక. మూడు పూతలు వేసినా ఆ ఎరుపు దాగినట్టు లేదు. అప్పుడు గుర్తుపట్టాను, నేను పడుకున్నది ఎక్కడో. చాండ్లర్‌లో ఈ అమెరికా ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉంటూ, ఆ రోడ్డు మీద వారానికి నాలుగుసార్లు డ్రైవ్ చేస్తూ కూడా, ఆ పరుపుల షాపు ఒకప్పటి తేయాకు మందిరమని నాకు తట్టలేదు. బయట గోడలకి రంగు మార్చారు, ఎర్ర స్తంభాలు పీకేశారు. పరుపు కొనకుండానే లేచి వచ్చేశాను.

ఆ మందిరం పేరు చాలా పొడుగు. చైనా తేయాకు వారసత్వానికీ, అక్కడి జాతుల సంప్రదాయాలకీ స్మారక మందిరం అని ఇంగ్లీషులోనూ చైనా లిపిలోనూ రాసి ఉండేది. స్మారకం అన్నాక ఎవరో పోయి ఉండాలి కదా. ఎవరు పోయారో అక్కడ పనిచేసేవాళ్ళకే తెలియదు. అంతకుముందు అది బౌలింగ్ ఆడుకునే హాలు. బాత్‌రూమ్ టైల్స్ దిగుమతి చేసే ఒక వ్యాపారి దాన్ని కొని, ముందు రెండు సిమెంటు సింహాలు పెట్టి, లోపల ప్లాస్టిక్ తేయాకు మొక్కలు నాటి, తనకు తాను డైరెక్టర్ అని పేరు పెట్టుకున్నాడు. బౌలింగ్ బంతులు దొర్లిన చెక్కనేల అలాగే ఉండేది. ఆ బాటలకి అటూ ఇటూ కొండజాతుల స్త్రీల బొమ్మలు వరసగా నిలబెట్టారు. ఒక్కో జాతికి ఒక్కో రంగు బట్టలు, తలల మీద వెండిరంగు రేకు కిరీటాలు. మొహం మాత్రం అందరిదీ ఒకటే. బట్టల షాపులో అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలు అవి. సన్నటి ముక్కు, కొంచెం తెరిచిన పెదవులు, ఎండాకాలం సేల్ చూసి మురిసిపోతున్న చూపు. ప్రతి బొమ్మ దగ్గరా ఒక బటన్. నొక్కితే ఆ జాతి పాట వస్తుందని రాసి ఉండేది. నేను మూడు నొక్కి చూశాను, మూడింటికీ ఒకటే పాట. టికెట్ ఎనిమిది డాలర్లు, బయటికి పోయే దారి మాత్రం గిఫ్ట్ షాపు మధ్య నుంచి.

ఇలాంటి చోటుకి నేను నా అంతట నేను పోయే మనిషిని కాదు. చిప్‌ల ఫ్యాక్టరీలో కెమిస్ట్‌గా ముప్ఫై ఏళ్ళు పనిచేసినదాన్ని, నకిలీ సరుకంటే మొదటి నుంచీ ఒళ్ళుమంట. నన్ను అక్కడికి లాక్కెళ్ళింది మా బావగారు, అంటే మా అక్క భర్త. ఆయన గుండె డాక్టరు. వైజాగ్‌లో మెడికల్ కాలేజీలో అక్క ఆయనకి మూడేళ్ళు జూనియరు, ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు. మంచి డాక్టరని ఊరంతా అంటారు, నేనూ కాదనను. కాని యాభై దాటాక ఆయనకి టీ పిచ్చి పట్టింది. అది తాగే పిచ్చి కాదు, ప్రదర్శించే పిచ్చి. నీళ్ళలో థర్మామీటరు పెట్టి చూసేవారు. కోడిపిల్లలకి నీళ్ళు పెట్టే మూకుళ్ళలాంటి కప్పుల్లో పోసి, "ముందు వాసన, తర్వాత రంగు, ఆ తర్వాత రుచి" అని చుట్టాలకు పాఠం చెప్పేవారు. పాలు పోసుకుని తాగేవాళ్ళంటే ఆయనకి జాలి. ఆ జాలి నా కప్పులోకి చూసినప్పుడల్లా కనపడేది. పైగా ప్రతిసారీ ఒక మాట: "టీ మా రక్తంలోనే ఉందమ్మా. మా అమ్మగారి వైపు వాళ్ళు అస్సాం టీ ఎస్టేట్ వాళ్ళు."

ఎస్టేట్ వాళ్ళు అంటే యజమానులా, మేనేజర్లా, గుమాస్తాలా? ముప్ఫై ఏళ్ళలో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. వినేవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు అనుకునేవారు. మా నాన్నగారు బంగళా అనుకున్నారు. మా అమ్మ అయితే ఏనుగుల దాకా వెళ్ళింది.

నన్ను మందిరానికి లాక్కెళ్ళిన ఏడాది ఆయన తల్లి విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చారు. సెల్‌ఫోన్‌లు ఇంకా మడతపెట్టుకుని జేబులో వేసుకునే రోజులు. అక్క అత్తగారు కాబట్టి నేనూ అత్తయ్యగారూ అనే పిలిచేదాన్ని. డెబ్భై దాటిన మనిషి, పొట్టి, నిటారైన మెడ. నలుగురిలో మాట్లాడేవారు కాదు. మాట్లాడబోతే బావగారు మధ్యలో అందుకునేవారు. ఆవిడది శ్రీకాకుళం పల్లెల యాస, ఆయనది రేడియోలో వార్తలు చదివే తెలుగు. ఆ రెండూ ఒకే ఇంట్లో పుట్టాయంటే నమ్మబుద్ధి కాదు. నేనూ ఆవిడా వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం బాగా నవ్వించేవారు. ఆవిడ టీలో పాలూ చక్కెరా వేసుకోరు, ఉప్పు వేసుకుంటారు. మొదటిసారి చూసి పొరపాటేమో అని గిన్నె మార్చబోతే, "ఉండనీయే అమ్మీ, నాకిలగే అలవాటు" అన్నారు. అలవాటు ఎక్కడిదని నేను అడగలేదు. ముప్ఫై ఏళ్ళు రసాయనాలు పరీక్షించిన నాకు ఆ చిటికెడు ఉప్పుని ప్రశ్నించాలని తోచకపోవడం ఇప్పుడు తలచుకుంటే సిగ్గనిపిస్తుంది.

ఆ వసంతంలో మందిరం డైరెక్టరుకీ మా బావగారికీ స్నేహం కుదిరింది. ఇద్దరికీ ఒకరి గొప్ప ఒకరికి పనికొచ్చింది. మందిరంలో ఇండియా టీ గురించి కూడా ఒక మూల ఏర్పాటు చేస్తామన్నాడు ఆయన, దానికి చందా ఇస్తానన్నారు ఈయన. ఆ మూలలో గోడకి ఒక పెద్ద బోర్డు, మధ్యలో అత్తయ్యగారి ఫోటో. ఒక శనివారం పొద్దున దాన్ని ఆవిష్కరించే సభ పెట్టారు. బావగారి ఆస్పత్రిలో ఆయన పైఅధికారి, ఆయన భార్య, తెలుగువాళ్ళం పదిపదిహేను మందిమి, మడత కుర్చీలు, మైకు. అత్తయ్యగారికి అక్క తన గద్వాల చీర కట్టింది. కార్‌లో బావగారు మూడుసార్లు చెప్పారు: "అమ్మా, నువ్వేం మాట్లాడక్కర్లేదు. దండం పెట్టి కూర్చో, చాలు. మిగతాది నేను చూసుకుంటా." ఆవిడ సరే అన్నట్టు కిటికీలోంచి నాగజెముడు పొదలు చూస్తూ కూర్చున్నారు.

సభ మొదలయ్యేదాకా డైరెక్టరు మమ్మల్ని బొమ్మల మధ్య నడిపించాడు. ఎవరో చక్రవర్తి కాచుకుంటున్న నీళ్ళ కుండలో ఆకు రాలి టీ పుట్టిన కథ చెప్పాడు. కొండజాతులవాళ్ళు పొద్దున్నే పాడుకుంటూ కొండ ఎక్కి, ఆనందంగా ఆకు కోసి, పాడుకుంటూ దిగుతారని చెప్పాడు. ఆనందం అనే మాట ఆయన ఆరుసార్లు వాడాడు, నేను లెక్కపెట్టాను. అత్తయ్యగారు ఒక బొమ్మ ముందు ఆగిపోయారు. ఎర్ర పట్టు జాకెట్టు, మోచేతికి పూలబుట్టలాగా వేలాడుతున్న చిన్న వెదురుబుట్ట, ప్లాస్టిక్ కొమ్మని గుప్పెటతో పట్టుకున్న చెయ్యి. ఆవిడ బొమ్మని పైనుంచి కిందికి చూసి, నా చెవిలో అన్నారు:

"ఏటే ఇది? ఆకు కోస్తందా, గొర్రికి మేత పీకుతందా?"

నేను ఫక్కున నవ్వాను. బావగారు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. బొమ్మ చేతిని పట్టుకుని, ఆ గట్టి వేళ్ళని విడదీయాలని చూశారు. అవి విడిపడేవి కావు.

సభలో డైరెక్టరు మాట్లాడాడు, బావగారు మాట్లాడారు. తర్వాత పసుపురంగు గుడ్డ లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. బోర్డు మీద ఇంగ్లీషులో నాలుగు పేరాలు. మొదటి వరుసలో నా పక్కన కూర్చున్న అత్తయ్యగారు తన ఫోటో కేసి చూసి, "ఏటి రాసినారక్కడ?" అని అడిగారు. చదివి చెప్పాను. "మీ పుట్టింటివాళ్ళు అస్సాం తేయాకు తోటల్లో మూడు తరాలుగా పేరుమోసిన కుటుంబమట. తేయాకు కళని మీరు మీ పెద్దల దగ్గర నేర్చుకుని మీ అబ్బాయికి అందించారట." చెప్తుంటే నా గొంతులో వెటకారం ఉందని నాకు తెలుసు. ఆపుకోలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు.

అంతలో డైరెక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకెళ్ళాడు, తమ తోటల గురించి రెండు ముక్కలు చెప్పాలని. బావగారు లేచారు. "మా అమ్మకి ఇంగ్లీష్ రాదు" అన్నారు. తెలుగులోనే చెప్పమనండి, మీరు అనువాదం చెయ్యండి అన్నాడు డైరెక్టరు. ఆవిడ దండం పెట్టారు. అక్కడితో అయిపోతుందని అందరం అనుకున్నాం. ఆవిడ మైకు కేసి కాదు, బొమ్మల కేసి చూస్తూ మాట్లాడారు.

"మూడు తరాలేటి బాబూ. మా నాయన తోట కూలీ. అప్పులోడికి బయపడి, కూలీల్ని పోగేసే సర్దారుడి ఎంటబడి అస్సాం రైలెక్కీసినాడు. మాయమ్మ ఆకు కోసీది. నానూ కోసినాను, ఎనిమిదో యేడు నుంచి. బుట్ట సేతికి తగిలించుకోరు, నెత్తి మీంచి తాడేసి ఈపుకి కట్టుకుంటారు. జలగలు పట్టుకుంటే పీకడానికి కూడా సెయ్యి ఆగకూడదు. మా సెల్లి ఆ కూలీల లైను ఇంట్లోనే జొరమొచ్చి సచ్చిపోనాది. పాటలేటి పాడతాం? ఉప్పేసిన టీ నీల్లు బకెట్లో తెచ్చి పోసీవోల్లు, అయి తాగి మల్లీ వంగీవోల్లం."

అంతే. తెలుగువాళ్ళ తలలన్నీ వంగిపోయాయి. అమెరికావాళ్ళు మర్యాదగా చిరునవ్వుతో ఎదురు చూస్తున్నారు. బావగారు గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అన్నారు: "మా అమ్మ చాలా సంతోషంగా ఉందంటోంది. తన చిన్ననాటి తోటల్ని, ఆ పాటల్ని తలచుకుంటోంది. మీ అందరికీ కృతజ్ఞతలు చెబుతోంది."

ఆ పాటల్ని అన్నారే, అక్కడ నాకు ఓపిక తెగిపోయింది. లేచి వెళ్ళి మైకు అందుకుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు. కూలీ అనే మాట దగ్గర మాత్రం కొంచెం ఆగి, నిదానంగా పలికాను. అక్క నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. బావగారు నడుచుకుంటూ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత జరిగింది చూస్తే మనుషుల మీద గౌరవం నిలవడం కష్టం. పైఅధికారి భార్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఎంత ఇన్‌స్పైరింగ్ కథ!" అని అత్తయ్యగారిని కౌగిలించుకుంది. ఆవిడ చేతులు రెండూ పక్కన వేలాడుతూనే ఉన్నాయి. మనవాళ్ళలో ఒకాయన, బావగారి ఇంట్లో చిన్న కప్పుల టీ కనీసం యాభైసార్లు తాగినవాడు, "నాకెప్పుడూ డౌటే ఉండేదండీ" అని నాతో గుసగుసలాడాడు. డైరెక్టరు అందరినీ మించిపోయాడు. ఆయన మొహం వెలిగిపోయింది. బోర్డు మార్చేద్దాం, కూలీ గుడిసె నుంచి గుండె డాక్టరు దాకా అని కొత్తగా రాయిద్దాం, పేపర్‌వాళ్ళని పిలుద్దాం అన్నాడు. ఆదివారాలు ఆవిడ వచ్చి కూర్చుని ఆకు కోసి చూపిస్తే జనం ఎగబడతారన్నాడు. అంటూనే బొమ్మ మోచేతి నుంచి బుట్ట ఊడదీసి, ఫోటో కోసం ఆవిడ మోచేతికి తగిలించాడు. అబద్ధాన్ని అమ్మడం చేతకాకపోతే నిజాన్ని అమ్ముకునే మనిషి అతను. సరుకు ఏదైనా ఒకటే.

అత్తయ్యగారు ఆ బుట్ట తీసి పక్కన కుర్చీలో పెట్టారు. వెనక బల్ల దగ్గర అతిథులకి టీ పోస్తున్న చైనా ముసలావిడ ఒకతె, ఇదంతా చూస్తున్నట్టుంది, కెటిల్ దించి దగ్గరికి వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అత్తయ్యగారి కుడిచెయ్యి తీసుకుని చూపుడువేలూ బొటనవేలూ కలిపి, విరిచినట్టు చిన్నగా తిప్పి చూపించింది. ఆకు కోసే తీరు అది: గోరు తగలకుండా, రెండాకులూ ఒక మొగ్గా. అత్తయ్యగారూ అలాగే తిప్పి చూపించారు. ఆ ముసలావిడ బొమ్మ గుప్పెటని చూపించి, తన భాషలో ఏదో అంది. తిట్టని అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ఇద్దరూ నవ్వారు. పళ్ళు లేని నోళ్ళతో, భుజాలు ఊగేలా నవ్వారు. ఆ మందిరంలో తేయాకు సంగతి తెలిసినవాళ్ళు ఆ ఇద్దరే, వాళ్ళ ఫోటో మాత్రం ఎవరూ తియ్యలేదు.

నేను కార్ దగ్గరికి వెళ్ళేసరికి బావగారు ఎండలో, కోటు విప్పకుండా నిలబడి ఉన్నారు. ఏదో అనబోయాను. "ఇప్పుడొద్దమ్మా" అన్నారు. ఇంటికి వచ్చాక అక్క నన్ను హాల్లోకి కూడా రమ్మనలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యగారి దగ్గర నిలబడ్డాను. నిజం చెప్పాలంటే మెప్పు కోసం నిలబడ్డాను. ఆవిడ మాటకి న్యాయం చేసింది నేనొక్కదాన్నే కదా.

ఆవిడ టీ నీళ్ళు కాగబెడుతూ నా మొహం చూడకుండా అన్నారు. "నాను సెప్పింది ఆ బొమ్మలు పెట్టినోడికి. నువ్వు సెప్పింది నీ బావకి."

నేను గట్టు మీది ఉప్పు గిన్నె ఆవిడ వైపు జరిపాను.

"ఆడు కాలేజీల సదివినప్పుడు, హాస్టల్ల ఎవుడో కనుక్కుని కూలి డాక్టరని పేరెట్టినాడట. ఆడి మంచం మీద ఎండుటాకులు పోసి పెట్టీవోరట. ఏడాది పాటు ఎవులికీ సెప్పనేదు. సెలవులకొచ్చి నా ఒల్లో తలెట్టుకుని ఏడ్సినాడు. ఆ గుంటడు అబద్దం ఆడతన్నాడని నాకెరిక నేదనుకున్నావా? ముప్పయ్యేల్లు ఆడనిచ్చినాను. ఇయ్యాల నా పొటో కింద అబద్దం రాస్తే నా సెల్లి గేపకమొచ్చి నోరాగనేదు. అది నాకూ నా కొడుక్కీ మద్దిన. నీకు మైకెందుకే అమ్మీ?"

కోపంగా అనలేదు. బావగారి గొప్పలని ముప్ఫై ఏళ్ళుగా లోపల ఈసడించుకుంటూ, దెబ్బకొట్టే సందు కోసం చూస్తున్నానన్న సంగతి, ఆవిడ చెప్పాకే నాకు తెలిసింది. ఆ సందు దొరికింది ఒక చచ్చిపోయిన పిల్ల కథలో. బొమ్మ మోచేతి నుంచి బుట్ట తీసి ఆవిడకి తగిలించిన డైరెక్టరుని నేను ఎంత చులకనగా చూశానో, ఆ పూట నన్ను నేను అంతే చులకనగా చూసుకున్నాను.

బావగారు డైరెక్టరు కొత్త బోర్డుకి ఒప్పుకోలేదు, చందా మాత్రం వెనక్కి అడగలేదు. పాత బోర్డు వారంలోపే తీయించేశారు. అక్క నాతో ఏడాదిన్నర మాట్లాడలేదు. పండక్కి పిలుపులు మా ఆయన పేరు మీద వచ్చేవి. బావగారు మాత్రం కనిపిస్తే పలకరించేవారు, ఆ పలకరింపులో నెప్పి ఉండేది కాని పగ ఉండేది కాదు. థర్మామీటరూ చిన్న కప్పులూ ఎక్కడికో పోయాయి. అత్తయ్యగారు ఆరు నెలలు నిండగానే వైజాగ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మందిరం ఇంకో మూడేళ్ళు నడిచి మూతపడింది. బొమ్మల్ని పార్కింగ్ లాట్‌లో పెట్టి అమ్మేశారని విన్నాను. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో తలచుకోవడానికి కూడా విసుగు.

ఏడేళ్ళ తర్వాత అత్తయ్యగారు పోయారు. బావగారు వెళ్ళి కర్మ చేసి వచ్చాక, ఇక్కడ ఒక హాల్లో సంతాపసభ పెట్టారు. మూడొందల మంది వచ్చారు, సగం మంది ఆయన చేత గుండె బాగుచేయించుకున్నవాళ్ళే. నేను చివరి వరుసలో కూర్చున్నాను. ఆయన మైకు ముందుకి వచ్చారు. కాగితం జేబులోంచి తీసి మళ్ళీ పెట్టేసుకున్నారు. అప్పుడు ఆయన నోటి నుంచి ఇన్నేళ్ళలో ఎవరూ వినని తెలుగు వచ్చింది.

"మాయమ్మ తేయాకు తోటల కూలీ. ఎనిమిదో యేడు నుంచి ఆకు కోసినాది. నన్ను డాక్టర్ని సేసినాది. ఆ మాట సెప్పుకోడానికి నాకు సిగ్గేసీది. ఆ సిగ్గు నాది, మాయమ్మది కాదు."

నాలుగు ముక్కలు చెప్పి దిగిపోయారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఇన్‌స్పైరింగ్ అనలేదు. పక్కనున్న అక్క చెయ్యి నేను పట్టుకుంటే విడిపించుకోలేదు. ఒక్క నిజాన్ని తన నోటితో తాను చెప్పుకోవడానికి ఒక మనిషికి ముప్ఫై ఏళ్ళ మీద ఇంకో ఏడేళ్ళు పడితే, ఆ ఏళ్ళన్నీ అతనివే; ఎవరి కాలం ఎప్పుడు పండుతుందో బయట నుంచి చూసేవాళ్ళకి తెలియదని నేర్చుకోవడానికి నాకూ దాదాపు అంత కాలమే పట్టింది.